కత్తెర ముట్టని వానకోటు

మా మండలం పంతుళ్లు సెలవు పెడితే యాదగిరిగుట్టకో తిరుపతికో పోతారు. వచ్చాక ప్రసాదం పంచుతారు, గుండు నిమురుకుంటూ నాలుగు రోజులు యాత్ర విశేషాలు చెబుతారు. నేను ఈ శ్రావణంలో వారం రోజులు సెలవు పెట్టి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్ల మీద సైకిల్ తొక్కింది ఒక వానకోటు కోసం. ఆ మాట విని నవ్వనివాళ్లు లేరు. కోటు కోసం అంత దూరమా అని అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి నోరు నొచ్చింది. అందుకే రాసి పెడుతున్నాను, ఇకమీదట అడిగినవాళ్ల చేతికి ఈ కాగితాలు ఇస్తే సరిపోతుంది.

రామన్నపేట: ఇంట్లో ఒప్పందం

నా పేరు యేసురత్నం. ఇల్లు రామన్నపేటలో, నేను చెప్పే బడి పదకొండు కిలోమీటర్ల అవతలి ఊళ్లో. ఆ ఊరికి బస్సు లేదు, మట్టిబాట ఉంది. నా భార్య సుగుణ రామన్నపేట సర్కారు దవాఖానలో నర్సు. ఆమె దవాఖాన వదిలి రాలేదు, నేను బడి వదిలి ఉండలేను. పొద్దున పోయి పొద్దుగూకేసరికి ఇంటికి చేరుతున్నానంటే సైకిల్ పుణ్యమే. మా ఇద్దరినీ ఒక కప్పు కింద ఉంచుతున్నది అదొక్కటే.

పోయిన వానాకాలం నాకు ఛాతీలో నిమ్ము చేరింది. నెల రోజులు మంచం దిగలేదు. లేచాక డాక్టరు గారు రెండు ముక్కలు చెప్పారు. వానకు తడవొద్దు. చెమటకు తడిసి ఆ తడి ఒంటి మీద ఆరనివ్వొద్దు. మొదటిది ఎవరైనా చెబుతారు. రెండోది విన్నాకే నాకు దిక్కు తోచలేదు. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని సైకిల్ తొక్కితే మైలు దాటేలోపే బనీను పిండుకోవాల్సి వస్తుంది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నేను గడప ముందు సైకిల్ ఆపగానే సుగుణ వచ్చి, నా అంగీ వెనక చెయ్యి దూర్చి వీపు తడిమి చూస్తుంది. పొడిగా ఉంటే చాయ్ పెడుతుంది. తడి తగిలితే మాట్లాడకుండా లోపలికి పోతుంది. ఆమె తిట్టినా పడతాను కానీ ఆ మాట్లాడకపోవడానికి నాకు మహా భయం.

ఈ ఏడు మొదటి వానలకే రెండుసార్లు తడి తగిలింది. రెండోసారి ఆమె మాట్లాడింది.

"గీ వారంల నీకు పనికొచ్చే కోటు దొరికిందా, మంచిదే. దొరకలేదా, సైకిల్ పాల వెంకటయ్యకు ఇచ్చేద్దాం. ఎన్నడో అడిగిండు. నువ్వు ఆ ఊర్లనే అర్ర కిరాయికి తీస్కో. ఐతారం ఐతారం ఇంటికి రా."

"మరి వారమంత ఎట్లనే సుగుణా?"

"పోయినేడు నీ మంచం పక్కన నేనెట్ల కూసున్ననో, గట్లనే."

ఆమె రెండు వందల యాభై రూపాయలు చేతిలో పెట్టింది. అంతకుమించి మా ఇంట్లో కోటుకు జాగా లేదు.

అంతకుముందే ఒకసారి హైదరాబాదులో అద్దాల దుకాణంలో ఊదారంగు కోటు ఒకటి చూశాను. సీమ సరుకు. బయటి నీళ్లను రానివ్వదట, లోపలి ఆవిరిని పోనిస్తుందట. ధర నా నెల జీతం కంటే ఎక్కువ. చేత్తో ఒకసారి తాకి బయటికొచ్చాను. తర్వాత చాలా రోజులు సైకిల్ తొక్కుతూ తొక్కుతూ నేను ఆ కోటులోనే ఉండేవాణ్ని. ఎండ మాడుస్తున్నా నా మీద సన్నని వాన పడుతున్నట్టే ఉండేది. బడి దాటి ముందుకు పోయి వెనక్కి తిరిగిన రోజులు కూడా ఉన్నాయి.

నల్లగొండ: గడియారం చుట్టూ ఆరుసార్లు

బట్టను పరీక్షించడానికి నాదొక పద్ధతి ఉంది. బట్టకు నోరు ఆనించి ఊదాలి, అవతల అరచెయ్యి పెట్టాలి. చెయ్యికి గాలి తగలాలి. తర్వాత దాన్నే దొప్పలా పట్టుకుని నీళ్లు పోయాలి. నీళ్లు కిందికి దిగొద్దు. రెండూ కుదిరిన బట్టే నాకు కావలసిన బట్ట.

నల్లగొండ గడియారం సెంటరు దగ్గర మూడు దుకాణాల్లో ఊదాను. మూడో దుకాణం సేటు చూసి చూసి అన్నాడు.

"సారూ, అన్నిటికి మూతి పెట్టి ఎంగిలి చేస్తే రేపు ఎవరు కొంటరు?"

"కొనేటోణ్ణి నేనే గద సేటూ. జర ఓర్చుకో."

రబ్బరు కోటు నూట నలభై అన్నాడు. నీళ్ల పరీక్షలో దానికి నూటికి నూరు మార్కులు. ఊదితే మాత్రం బుగ్గలు నొచ్చాయి. తొడుక్కుని సైకిల్ తొక్కి చూస్తానంటే సరేనన్నాడు. మబ్బు లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. నల్లటి కోటు మెడ దాకా బిగించుకుని గడియారం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మిర్చిబజ్జీల బండి ముసలామె మొదటి చుట్టుకు చూసింది, రెండో చుట్టుకు నవ్వింది, మూడో చుట్టుకు పక్కావిడను పిలిచింది.

"ఏమైందే సారుకు? వాన యాడున్నది?"

"ఒస్తదవ్వా, ముందుగాలనే తయారైన," అన్నాను.

ఆరు చుట్లు అయ్యాక కోటు విప్పితే లోపల నుంచి చెమట ధార కట్టింది. సేటుకు నా మీద జాలి కలిగి చాయ్ తెప్పించాడు.

"గాలి పోవాలె, నీళ్లు పోవద్దు అంటున్నవ్. అసొంటి బట్ట నా కొట్ల లేదు సారూ. కల్వకుర్తిల జానిమియా అని దర్జీ ఉన్నడు. స్తంభాలెక్కే కరెంటోళ్లకు వానకోట్లు కుట్టిండు. ఆయనతోటి కాకుంటే ఇగ ఎవ్వలతోటి కాదు."

ఆ రబ్బరు వాసన చేతులకు అంటుకుని సాయంత్రం దాకా పోలేదు. ఆ వాసనకు మా నాయిన గుర్తొచ్చాడు.

మాది ఒకప్పుడు సెంటు భూమి లేని కుటుంబం. నాయిన పెద్ద రైతు దగ్గర జీతం ఉండేవాడు. వానాకాలమంతా గొర్రె ఉన్నితో నేసిన నల్ల గొంగడి కప్పుకునే తిరిగేవాడు. నేను హాస్టల్లో చదివేటప్పుడు ఆ గొంగడి వాసన ఇంటి నుంచి తెచ్చుకున్న నా పెట్టెకు, దుప్పటికి పట్టేసింది. పిల్లలు "గొర్రె వచ్చింది" అనేవాళ్లు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో నాయినకు ప్లాస్టిక్ వానకోటు కొని, ఇక గొంగడి కప్పుకోవద్దని గట్టిగా చెప్పాను. ఆయన కోటు తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ నడిచాడు.

"మంచిగున్నది బిడ్డా. కానీ లోపట ఇంకో వాన పడ్తంది," అన్నాడు.

నేను పెద్దగా నవ్వాను. ఆయనకు సోకు తెలియదనుకున్నాను. ఆయన పోయాక కొయ్యకు ఉన్న కోటు దించి చూస్తే, కొన్ననాటి మడతలు అట్లాగే ఉన్నాయి. నేను ఇంటికొచ్చిన రోజుల్లో తప్ప దాన్ని ఆయన తొడుక్కోలేదు. గొంగడి ఏమైందో నేను ఎవరినీ అడగలేదు. ఆ రోజు నల్లగొండలో ఒంటి మీద చెమట ఆరకుండా కూర్చున్నప్పుడు ఆయన మాట నాకు సరిగ్గా అర్థమై, సిగ్గేసింది.

దేవరకొండ బాట: యూరియా సంచి

రెండో రోజు మనసు తేలికైంది. రోడ్డుకు రెండు వైపులా మోకాలెత్తు ఆముదం చేన్లు, వాటి వెనక ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్ల గుట్టలు. మబ్బు నీడలు గుట్టల మీదుగా మెల్లగా జారుతుంటే, వాటితో పాటు తొక్కాలని చూశాను. నీడలో ఉన్నంతసేపు చల్లగా ఉండేది. నీడ నన్ను దాటిపోయాక మళ్లీ ఎండ, మళ్లీ ఇంకో నీడ. నేను ఎక్కడికి పోతున్నానో కాసేపు నాకే గుర్తులేదు. ఒక లారీ హారన్ కొడితే ఉలిక్కిపడి తుమ్మకంపలోకి దించాను. వెనక చక్రానికి రెండు ముళ్లు దిగాయి.

పంక్చరు వేయించుకునేలోగా జల్లు మొదలైంది. రోడ్డు పక్కన రేకుల హోటల్లోకి పరుగెత్తాను. హోటలామె నన్ను పైనుంచి కిందికి చూసి, ఖాళీ యూరియా సంచి తెచ్చి, ఒక మూలను రెండో మూలలోకి నెట్టి టోపీ చేసి నా నెత్తిన పెట్టింది.

"గిది పెట్టుకో బిడ్డా. ఒళ్లు తడిసినా నెత్తన్న తడవది."

మా దిక్కు కూడా నాట్లు వేసేవాళ్లు ఇట్లాగే పెట్టుకుంటారు. మా దగ్గర సంచి నడుము దాకా వేలాడుతుంది. ఇక్కడ భుజాల దగ్గర మడిచి దబ్బనంతో కుట్టేస్తారు, గాలికి లేవదు. ఊరు మారితే సంచి కూడా మారుతుందని అప్పుడే తెలిసింది. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. అందుకని రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాను. పచ్చిపులుసులో వేయించిన నువ్వులు దంచి వేసింది. మా ఇంట్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో సరిపెడతాం. ఈ సంగతి సుగుణకు చెప్పాలని మనసులో రాసుకున్నాను. రొట్టె రూపాయి, పులుసు ఉచితం.

డిండి దాటాక: రెండు తలలు, ఒక గొంగడి

మూడో రోజు డిండి చెరువు పక్క నుంచి పోతున్నప్పుడు ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగింది. అవతలి గట్టు కనబడలేదు. నీళ్లెక్కడో మబ్బెక్కడో తెలియని ఆ తెలుపును చూస్తూ నాలుగైదు కిలోమీటర్లు అట్లాగే తొక్కాను. అది కల అని ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ని. వాన దంచి కొట్టేసరికి మేలుకున్నాను. సంచి నెత్తిని కాపాడింది కానీ వీపు తడిసిపోయింది. దగ్గు మొదలైంది. సైకిల్ ఆపి ఒక ఒంటి వేపచెట్టు కిందికి పోయాను.

"ఓ సారూ! గా చెట్టు కింద నిలబడకు, పిడుగు పడ్తది. గిటు రా!"

చేనులో గొర్రెల మంద ఒకదాని కడుపు కింద ఒకటి తలలు పెట్టుకుని ముద్దగా నిలబడి ఉంది. మధ్యలో కర్ర ఆనుకుని ఒక మనిషి నల్ల గొంగడి కప్పుకుని ఉన్నాడు. వాన తన పని తాను చేసుకుంటుంటే ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. పేరు లింగయ్య అని తర్వాత తెలిసింది. నా దగ్గు విని గొంగడి ఒక పక్క ఎత్తాడు.

"గొంగట్లకు రా. సిగ్గుపడకు, గొర్లే సిగ్గుపడ్తలేవు."

దూరాను. లోపల వెచ్చగా, పొడిగా ఉంది. వాన చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లో పడుతున్నట్టు వినిపించింది. అదే వాసన. నేను ఐదేళ్ల పిల్లాణ్ని, నాయిన భుజం మీద ఉన్నాను, ముక్కుకు గొంగడి గరుకుగా తగులుతోంది. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. తెలివిలోకి వచ్చాక నా పరీక్ష గుర్తొచ్చింది. గొంగడికి నోరు ఆనించి ఊదాను. బయటికి చాపిన అరచేతికి వెచ్చటి గాలి తగిలింది. పైన మాత్రం నీళ్లు పూసల్లా నిలబడి, జారిపోతున్నాయి తప్ప లోపలికి దిగడం లేదు.

"గిదేంది సారూ, గొంగడికి ముద్దు పెడ్తున్నవ్?" అన్నాడు లింగయ్య.

నేను నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. హైదరాబాదు అద్దాల దుకాణం దాకా పోయి వెతికిన వస్తువు మా నాయిన ఒంటి మీద ఉండేది. దాన్ని విప్పించింది నేనే.

మగ్గం ఇల్లు: తాత పెట్టిన షరతు

లింగయ్య అత్తగారి ఊరు రోడ్డుకు రెండు మైళ్లు లోపల. ఆయన మామ ఐలయ్య గొంగళ్లు నేస్తాడు, అత్త కొమురవ్వ ఉన్ని వడుకుతుంది. వాన తగ్గాక లింగయ్య దారి చూపించాడు. మా రామన్నపేట దిక్కు మగ్గాలు నూలువి, దారానికి బియ్యం గంజి పెడతారు. ఇక్కడ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రుబ్బి కాచిన గంజి పెడతారు. నేసిన గొంగడికి ఆ గంజి కుంచెతో రుద్ది ఎండబెడితే అట్ట కట్టినట్టవుతుంది. వాన జారేది దానివల్ల, ఉన్నిలోని జిడ్డువల్ల.

నూట ఎనభైకి ఒక నల్ల గొంగడి నచ్చింది. సంబరంగా ఒళ్లో పెట్టుకుని అన్నాను.

"దీన్ని కోటు కుట్టించుకుంట తాతా. ఊకె కప్పుకుంటే సైకిల్ చైన్ల పడ్తది."

ఐలయ్య తాత నా ఒళ్లోంచి గొంగడి తీసేసుకున్నాడు.

"కత్తెర పెడ్తవా?"

"కోటంటే కొయ్యాలె గద."

"అట్లయితే ఇయ్య."

"ఎందుకు తాతా? పైసలిస్తున్న గద."

"గొర్రె మీంచి ఉన్ని తీసేటప్పుడు ఒక్కపారి కత్తెర ముడ్తది. గా తర్వాత మల్ల ముట్టొద్దు. మా అయ్య నాకు జెప్పిండు, నేను నీకు జెప్తున్న. మా ఇంట్ల నేసిన ఏ గొంగడి మీద కత్తెర పడలే."

ఎంత బతిమాలినా వినలేదు. చివరికి కత్తెర ముట్టనివ్వనని ఒట్టు వేశాను. దేని మీద ఒట్టు అంటే, సైకిల్ మీద అన్నాను. అది ఉంటేనే నేను ఇంట్లో ఉంటానని, లేకుంటే ఆలి ఒక ఊళ్లో నేనొక ఊళ్లో అని చెప్పాను. కొమురవ్వ పడీ పడీ నవ్వి గొంగడి నా చేతుల్లో పెట్టింది. కొయ్యకుండా కోటు ఎట్లా అవుతుందో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

కల్వకుర్తి: సబ్బు

ఇక్కడ నేను చేసిన పని లోకంలో ఇంకెవరూ చేయరని సుగుణ ఇప్పటికీ అంటుంది.

కల్వకుర్తి చేరేసరికి మధ్యాహ్నం మూడు. లాడ్జి గదిలో గొంగడి విప్పగానే గదంతా ఆ వాసన. రేపు బడిలో పిల్లలు ఏమంటారు, సుగుణ దవాఖాన వాళ్లు ఏమంటారు అని ఆలోచన మొదలైంది. పొద్దున ఆ వాసనకే కన్నీళ్లు పెట్టుకున్నవాణ్ని, సాయంత్రానికి మళ్లీ హాస్టలు పిల్లాణ్నైపోయాను. బోరింగు దగ్గరికి తీసుకుపోయి, ఒక బట్టల సబ్బు మొత్తం అరగదీసి, బండకేసి బాది ఉతికాను. నీళ్లు తెల్లగా, చిక్కగా కారిపోతుంటే మురికి పోతోందని సంతోషపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం, ఇంకా చెమ్మగా ఉన్న గొంగడితో జానిమియా దుకాణానికి పోయాను. బస్టాండు వెనక, కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూతు పక్కన ఉంది. అరవై దాటిన మనిషి, కళ్లజోడు కాడకు దారం కట్టుకున్నాడు. నా కథంతా విన్నాడు. గొంగడి అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, లోటాతో కాసిన్ని నీళ్లు పోశాడు. నీళ్లు ఆగలేదు. తిన్నగా ఆయన చెప్పుల మీద పడ్డాయి.

"సార్, దీన్ని ఏం జేసినవ్?"

"సబ్బు పెట్టి ఉతికిన."

"యా అల్లా!" అని మిషన్ మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. "వానను ఆపేదాన్నంత మోరీ కాల్వల పోసినవ్ గద!"

ఇంకో గొంగడి కొనడానికి పైసలు లేవు, సెలవు ఇంకా మూడు రోజులే ఉంది. పాల వెంకటయ్య నా సైకిల్ గంట మోగించుకుంటూ మా వీధిలో పోవడం కళ్లకు కట్టింది. జానిమియా నా ముఖం చూసి లేచాడు.

"ఫికర్ చెయ్యకు. నేసినోళ్ల కాడికే పో. తిట్లు తిను, గంజి పెట్టిచ్చుకొని రా. కుట్టుడు సంగతి నాకు వదిలెయ్."

"కత్తెర ముట్టొద్దు భాయ్. ఒట్టేసిన."

"ఇన్న. పో, నేను గదే సోచాయిస్త," అని అప్పుడే ఆలోచనలో పడ్డాడు.

మళ్లీ మగ్గం ఇల్లు

తిట్లు తిన్నాను. కొమురవ్వ గొంగడి చేత్తో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, సబ్బు వాసన రాగానే నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"వాన వస్తే మందల గొర్రె సబ్బు పెట్టుకుంటదా సారూ?"

నేను తల వంచుకుని హాస్టలు సంగతి, నాయిన సంగతి అంతా చెప్పేశాను. ప్లాస్టిక్ కోటు కొయ్యకే ఉండిపోయిందని కూడా చెప్పాను. కొమురవ్వ వడుకుతున్న ఉన్ని పక్కన పెట్టింది.

"వాసనకు సిగ్గుపడి వానకు తడుస్తవా బిడ్డా? మీ నాయిన నిన్ను ఒక్క మాటన్నడా?"

"అనలేదు."

"ఇగ నువ్వెందుకు అనుకుంటవ్. లే, కుంచె పట్టు."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున నాతోనే గంజి రుద్దించింది. వాకిట్లో పరిచిన గొంగడి మీద మోకాళ్ల మీద కూర్చుని, ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒకటే దిక్కుగా కుంచె లాగాలి. అడ్డదిడ్డంగా లాగితే ఐలయ్య తాత కర్రతో నేల మీద కొట్టేవాడు. అప్పుడే తీసిన ఉన్ని ముద్దతో కొమురవ్వ దాని మీద మళ్లీ మళ్లీ రుద్దింది, జిడ్డు ఎక్కాలని. పోయిన వాసన కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంది. మధ్యాహ్నానికి ఎండ కాసింది. ఆరాక తాత దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. పూసలు పూసలుగా జారిపోయాయి. పైసలు అడగలేదు, ఒట్టు మాత్రం గుర్తు చేశాడు.

జానిమియా దుకాణం

ఐదో రోజు సాయంత్రం నాలుగింటికి తిరిగి చేరాను. జానిమియా గొంగడిని నేల మీద పరిచి చుట్టూ తిరిగాడు. తర్వాత నన్ను పిలిచి మధ్యలో వేలు పెట్టి చూపించాడు.

"చూడు సార్. గొంగడి ఒక్క ముక్క కాదు. రెండు పట్టీలు నేసి నడుమ కుట్టిండ్రు. నిన్నటి సంది గిదే సోచాయిస్తున్న. కోసుడెందుకు? కుట్టు విప్పితే సరిపాయె."

నడిమి కుట్టును సూదితో ఒక్కొక్కటిగా సగం దాకా విప్పాడు. గొంగడిని సగానికి మడిస్తే ముందు సగంలో విప్పిన కుట్టే కోటు ముందరి తెరుపు అయింది. మెడ అక్కడే వచ్చింది. వెనక సగం కుట్టు అట్లాగే ఉంచాడు. పక్కలు చంకల దాకా కలిపి కుట్టాడు, వెడల్పులో మిగిలింది చేతుల మీదికి దిగింది. కింద పొడుగు ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టేశాడు. ఆ మడత రెండు పెద్ద జేబులైంది. గుండీలకు కాజాలు కొయ్యాలి కదా అంటే, ఉన్ని దారం పేని ఉచ్చులు పెట్టాడు. సూది దిగిన ప్రతి చోటా కొమురవ్వ గిన్నెలో ఇచ్చిన గంజి వేలితో పూశాడు.

"నలభై ఏండ్ల సంది బట్ట కోస్తున్న. కొయ్యకుండ కుట్టుడు గీ పొద్దే నేర్చుకున్న," అన్నాడు. కూలీ ముప్పై రూపాయలు అడిగాడు. అది తీసుకుని, నన్ను ఇంటికి తీసుకుపోయి బగారన్నం, దాల్చా పెట్టించాడు. దాల్చాలో సొరకాయ ముక్కలు వేశారు. నా ఒంటి మీద కోటు వాసన గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనే అడిగాను.

"వాసనొస్తుందా భాయ్?"

"గొంగడికి గొంగడి వాసన రాకుంటే అత్తరు వాసనొస్తదా? తిను సార్."

తిరుగుదారి

ఆరో రోజు వాన లేదు. కోటు మడిచి క్యారియర్‌కు కట్టి దేవరకొండ మీదుగా నల్లగొండ దాకా వచ్చేశాను. దారిలో డిండి నీళ్లు ఎండకు మెరిశాయి, లింగయ్య మంద ఎక్కడా కనబడలేదు. నాకు మాత్రం ప్రతి చేనులోనూ ఎవరో కర్ర ఆనుకుని నిలబడి ఉన్నట్టే ఉంది. రెండుసార్లు ఆగి చూశాను. ఒకసారి ఎండిన తుమ్మమోడు, ఇంకోసారి బండరాయి.

ఏడో రోజు చిట్యాల దాటాక మబ్బు పట్టింది. నేను ఎదురు చూస్తున్న వాన. కోటు తొడుక్కుని, యూరియా సంచి నెత్తిన పెట్టుకుని తొక్కాను. అద్దాల దుకాణం దాకా పోయినవాడు ఇంత అందంగా తయారై ఊళ్లోకి వస్తాడని ఎవరనుకుంటారు! వాన గంటన్నర ఆగకుండా కొట్టింది. కోటు బరువెక్కింది, భుజాలు నొప్పెట్టాయి, అది నిజం. కానీ లోపల రెండో వాన పడలేదు. తొక్కుతున్నకొద్దీ ఒంట్లోంచి లేచిన వేడి ఎటో పోతూనే ఉంది. రామన్నపేట పొలిమేరలో నేను పైకే అనేశాను, "నువ్వే కరెక్టు నాయినా" అని. వానలో ఎవరికీ వినపడలేదు.

వీధి మలుపు తిరిగేసరికి సుగుణ గడపలోనే నిలబడి ఉంది. నన్ను, సంచిని, నీళ్లు కారుతున్న నల్ల కోటును చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది.

"వెంకటయ్య పొద్దుగాలనే వచ్చి అడిగిపోయిండు," అంది.

సైకిల్ గోడకు ఆనించి ఆమె ముందు వెనక్కి తిరిగి నిలబడ్డాను. కోటు బయటి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా గడప మీద పడుతున్నాయి. ఆమె చెయ్యి కోటు కింద నుంచి, అంగీ కింద నుంచి పైకి వచ్చి వీపు మీద ఆగింది. ఒక పక్క తడిమింది, రెండో పక్క తడిమింది, మెడ కింద దాకా పోయి మళ్లీ నడుముకు వచ్చింది. ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచింది.

"గొర్రె వాసనొస్తున్నది," అంది మెల్లగా.

"ఔ."

చెయ్యి ఇంకా తీయలేదు. వెచ్చగా ఉంది. కాసేపటికి నా భుజం మీదుగా వాకిట్లోకి చూసింది.

"సైకిల్ అట్ల వాన్ల పెట్టినవేంది? లోపట పెట్టు, తుప్పు పడ్తది."